ఇంజిన్ మార్చాక ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే: రైతు వరుసగా చూసుకోవాల్సినవి

రబీ పనులు ముగిశాక, తొలకరి దుక్కులు మొదలయ్యే లోపు చాలామంది రైతులు ట్రాక్టర్‌ను షెడ్డుకు పంపి ఇంజిన్ పని చేయిస్తారు. కొందరు పాత ఇంజిన్‌కే లైనర్లు, పిస్టన్లు మార్చి బోరు పని చేయిస్తారు. ఖర్చు ఎక్కువవుతుందనుకున్నవారు అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెచ్చి ఎక్కిస్తారు. పని అంతా అయ్యాక తాళం తిప్పితే బండి స్టార్ట్ కాదు. ఒకపక్క వాన పడి పదును ఆరిపోతుంటుంది. ఈ తొందరలో ఇంజిన్‌ను మళ్లీ విప్పించడమో, ఇంకో ట్రాక్టర్‌కు కట్టి లాగించడమో చేస్తారు. రెండింటి వల్లా నష్టమే ఎక్కువ.

ట్రాక్టర్‌లో ఇంజిన్ కూడా చట్రంలో భాగమే. దాన్ని దించాలంటే బండిని మధ్యకు విడదీసి బ్యాటరీ వైర్లు, ఎర్తు, సెల్ఫ్, డీజిల్ పైపులు, స్టాపర్ కేబుల్, ఎక్సలేటర్ రాడ్డు, క్లచ్ అన్నీ ఊడదీయాలి. మళ్లీ బిగించేటప్పుడు వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా బండి స్టార్ట్ కాదు. అందుకే ఇంజిన్ మార్చాక వచ్చే స్టార్టింగ్ సమస్యకు కారణాన్ని ముందు ఊడదీసి బిగించిన చోట్లలోనే వెతకాలి. బయటి నుంచి లోపలికి, ఖర్చు లేని పరీక్ష నుంచి ఖర్చుతో కూడిన పరీక్షకు వెళ్లాలి. హెడ్ విప్పడం అన్నిటికన్నా చివరి పని.

డీజిల్ ఇంజిన్ స్టార్ట్ కావడానికి కావాల్సినవి నాలుగే

పెట్రోలు ఇంజిన్‌లో ఉన్నట్టు డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ గట్టిగా నొక్కడంతో గాలి వేడెక్కుతుంది. సరిగ్గా అదే సమయానికి నాజిల్ చిమ్మిన డీజిల్ ఆ వేడికి అంటుకుంటుంది. కాబట్టి నాలుగు విషయాలు కుదరాలి.

1. సెల్ఫ్ ఇంజిన్‌ను చాలినంత వేగంగా తిప్పాలి.
2. గాలి బుడగలు లేని డీజిల్ నాజిల్ వరకు చేరాలి.
3. డీజిల్ సరైన సమయానికి పడాలి.
4. సిలిండర్‌లో కంప్రెషన్ ఉండాలి. అంటే గాలి లోపలికి రావాలి, నొక్కినప్పుడు బయటికి పోకూడదు.

మొదటి రెండూ రైతు స్వయంగా చూసుకోగలిగినవి. తర్వాతి రెండింటికి మెకానిక్ కావాలి. తేడా ఎక్కడుందో రైతుకు ముందే తెలిస్తే అనవసరమైన పనికి డబ్బు పెట్టాల్సిన అవసరం రాదు.

తాళం తిప్పే ముందు

కొత్తగా బిగించిన ఇంజిన్‌ను నేరుగా సెల్ఫ్ కొట్టకూడదు. ముందు ఈ ఐదూ చూడండి.

- ఇంజిన్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు గుర్తు వరకు ఉన్నాయా? ఆయిల్ బాత్ రకం ఎయిర్ క్లీనర్ అయితే అందులో ఆయిల్ గుర్తు దాటకూడదు. ఎక్కువైతే ఆ ఆయిల్‌ను ఇంజిన్ లోపలికి పీల్చుకుని అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉంది.
- పని చేసేటప్పుడు దుమ్ము పడకుండా మానిఫోల్డ్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కుతారు. వాటిని తీశారో లేదో అడగండి. గాలి గొట్టం, సైలెన్సర్ వైపు ఒకసారి చూడండి.
- గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్టాపర్ లాగి ఉంచి, ముందున్న క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించండి. కంప్రెషన్ దగ్గర బరువుగా అనిపించి తర్వాత వదలడం మామూలే. ఎక్కడైనా ఇనుముకు ఇనుము తగిలినట్టు ఆగిపోతే బలవంతం చేయవద్దు. సెల్ఫ్ అసలే కొట్టవద్దు. టైమింగ్ గేర్లు తప్పి వాల్వు పిస్టన్‌కు తగులుతుండవచ్చు. లేదా సిలిండర్‌లోకి నీళ్లు దిగి ఉండవచ్చు.
- స్టాపర్ పని చేస్తోందో లేదో చూడండి. కేబుల్ లాగినప్పుడు పంపు మీది లివర్ పూర్తిగా కదలాలి, వదిలితే పూర్తిగా వెనక్కి రావాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి గొట్టం నోరు మూయడానికి సరిపడే చెక్కపలక ఒకటి దగ్గర ఉంచుకోండి. ఇంజిన్ అదుపు తప్పితే ఆపడానికి అదే ఆధారం. చేత్తో మాత్రం మూయవద్దు.
- స్టాపర్ లాగే ఉంచి సెల్ఫ్‌ను 10 సెకన్ల చొప్పున కొట్టి, మధ్యలో నిమిషం చొప్పున విరామం ఇవ్వండి. ఆయిల్ గేజి ముల్లు లేచే వరకు లేదా ఆయిల్ లైటు ఆరే వరకు ఇలా చేస్తే కొత్త బేరింగులకు ఆయిల్ అందుతుంది. నాలుగైదు సార్లు కొట్టినా ముల్లు లేవకపోతే అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి.

సెల్ఫ్ అసలు తిరగకపోతే, లేదా బరువుగా తిరిగితే

ఎక్కువ సందర్భాల్లో దీనికి కారణం ఎర్తు. బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే మందపాటి పట్టీని ఇంజిన్‌కో చట్రానికో బిగిస్తారు. ఇంజిన్ పని అయ్యాక రంగు వేయించడం మనకు అలవాటు. ఆ రంగు మీదే పట్టీ బిగిస్తే కరెంటు సరిగా పారదు. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం టక్కుమని ఆగిపోతుంది. లైటుకు కొద్ది కరెంటు చాలు, సెల్ఫ్‌కు వందల ఆంపియర్లు కావాలి.

పరీక్ష సులువే. జంపర్ కేబుల్ ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొసను ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు గట్టిగా పట్టించి సెల్ఫ్ కొట్టండి. చురుగ్గా తిరిగితే లోపం ఎర్తులోనే ఉంది. పట్టీ విప్పి, దాని కింద రంగు, తుప్పు ఉప్పుకాగితంతో గీకి, మెరిసే ఇనుము మీద బిగిస్తే సరిపోతుంది.

అయినా తిరగకపోతే వరుసగా ఇవి చూడండి.

- బ్యాటరీ: బండి షెడ్డులో వారాల తరబడి ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. పూర్తి ఛార్జిలో ఉన్న బ్యాటరీ మల్టీమీటర్‌లో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే ముందు ఛార్జి చేయించండి. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, తుడిచి, గట్టిగా బిగించండి.
- సేఫ్టీ స్విచ్: కొత్త మోడళ్లలో క్లచ్ తొక్కితేనో, గేరు న్యూట్రల్‌లో ఉంటేనో, పీటీవో ఆపి ఉంటేనో సెల్ఫ్‌కు కరెంటు వెళ్తుంది. బండి విడదీసినప్పుడు ఆ స్విచ్‌ల వైర్లు ఊడదీసి మళ్లీ తగిలించడం మరచిపోతుంటారు.
- సెల్ఫ్ మీది సన్న వైరు: తాళం తిప్పినప్పుడు సోలినాయిడ్‌కు కరెంటు తెచ్చే వైరు ఇదే. వదులుగా ఉంటే టక్కు శబ్దం కూడా రాదు. ఫ్యూజు కూడా చూడండి.
- సెల్ఫ్ గిర్రున తిరుగుతూ ఇంజిన్ కదలకపోయినా, గరగర శబ్దం వచ్చినా వెంటనే ఆపండి. వేరే మోడల్ ఇంజిన్ ఎక్కిస్తే ఫ్లైవీల్ రింగు పళ్లకూ సెల్ఫ్ పినియన్ పళ్లకూ పొత్తు కుదరదు. అలాగే కొడుతూ ఉంటే రింగు పళ్లు అరిగిపోతాయి, బండిని మళ్లీ విడదీయాల్సి వస్తుంది.

బ్యాటరీ, ఎర్తు బాగున్నా ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకున్నట్టు ఆగితే సిలిండర్‌లో నీళ్లో డీజిలో నిండిందని అనుమానించాలి. నాజిళ్లు విప్పి, దూరంగా నిలబడి ఇంజిన్‌ను తిప్పిస్తే ఆ నీరు బయటికి చిమ్ముతుంది. అలా వస్తే హెడ్ గాస్కెట్ చూడాల్సిందే. ఇలాంటప్పుడు బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

సెల్ఫ్ బాగా తిరిగినా పొగ రాకపోతే

సైలెన్సర్ చెప్పే సాక్ష్యం ముఖ్యం. ఇంజిన్ చురుగ్గా తిరుగుతున్నా పొగ ఏమాత్రం రావడం లేదంటే సిలిండర్‌లోకి డీజిల్ పడటం లేదని అర్థం. ఈ వరుసలో చూడండి.

మొదటిది స్టాపర్. కేబుల్ పొట్టిగా బిగిస్తే పంపు లివర్ ఎప్పుడూ ఆఫ్ వైపే ఉండిపోతుంది. కేబుల్ ఊడదీసి లివర్‌ను చేత్తో రన్ వైపు పెట్టి చూడండి. కరెంటుతో ఆగే పంపు అయితే, తాళం ఆన్ చేయగానే పంపు మీది సోలినాయిడ్ దగ్గర చిన్న టక్కు శబ్దం వినిపించాలి. రాకపోతే దాని వైరు తగిలించలేదన్నమాట.

రెండోది టాంకీ. డీజిల్ కొళాయి తెరిచి ఉందా, టాంకీలో డీజిల్ ఉందా చూడండి. టాంకీ అడుగున తుప్పు, నీరు ఉంటే కొత్త ఫిల్టర్ కూడా వెంటనే మూసుకుపోతుంది.

మూడోది పైపులు. ఫీడ్ పంపుకు వచ్చే పైపు, టాంకీకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపు తారుమారు కాలేదు కదా? పైపుల చివర బోల్టులకు వేసే రాగి వాషర్లు పాతవే వేశారా? అరిగిన వాషర్ గుండా డీజిల్ బయటికి కారకపోయినా గాలి లోపలికి పీలుస్తుంది. కాబట్టి ఇంజిన్ పని చేయించినప్పుడు రాగి వాషర్లు కొత్తవే వేయించాలి. వాటికయ్యేది చాలా కొద్ది ఖర్చు.

నాలుగోది గాలి తీయడం. డీజిల్ లైను మొత్తం ఊడదీశారు కాబట్టి దాన్నిండా గాలి ఉంటుంది. గాలి నొక్కుకుపోయే గుణం కలది కావడంతో పంపు ఎంత నొక్కినా నాజిల్ తెరుచుకోదు. పాత రకం పంపు ఉన్న బండ్లలో గాలి ఇలా తీయాలి.

1. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు చేతి లివర్ కొడుతూ ఉండండి. నురగ పోయి, బుడగలు లేని డీజిల్ రాగానే స్క్రూ బిగించండి. రెండు ఫిల్టర్లు ఉంటే రెండో దానికీ ఇలాగే చేయండి.
2. డీజిల్ పంపు మీది గాలి స్క్రూ దగ్గర ఇదే పని చేయండి.
3. ఎక్సలేటర్ పూర్తిగా ఇచ్చి, స్టాపర్ రన్‌లో ఉంచి, రెండు నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ కొట్టుకుంటూ రాగానే బిగించండి.

చేతి లివర్ కొడుతున్నా ఒత్తిడి రాకపోతే ఫీడ్ పంపు లివర్ క్యామ్ మీద సరిగా కూర్చోలేదని గానీ, ఎక్కడో గాలి పీలుస్తోందని గానీ అనుమానించాలి.

ఈ పని చేసేటప్పుడు ముఖం దూరంగా ఉంచండి, కళ్లద్దాలు పెట్టుకోండి. నాజిల్ నుంచి వచ్చే డీజిల్ ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. చెయ్యి అడ్డం పెట్టి చూడవద్దు. పొరపాటున చర్మంలోకి దిగితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సీఆర్‌డీఐ ఇంజిన్లకు మూడో అంచె అసలు చేయకూడదు. వాటి పైపుల్లో ఒత్తిడి ప్రాణాంతకం. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమలవుతున్నాయి. వాటిలో చాలావాటికి సీఆర్‌డీఐ ఇంజిన్లే ఉంటాయి. వాటి సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ ఇంజిన్‌కు సరిపోకపోయినా బండి స్టార్ట్ కాదు. అటువంటి బండ్లను కంపెనీ సర్వీసు సెంటర్‌లో కంప్యూటర్‌తోనే చూపించాలి.

తెల్ల పొగ వస్తూ స్టార్ట్ కాకపోతే

డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ పడుతోంది కానీ అంటుకోవడం లేదన్నమాట. సెల్ఫ్ వేగం తక్కువగా ఉన్నా ఇలాగే జరుగుతుంది కాబట్టి ముందు బ్యాటరీ, ఎర్తు మళ్లీ చూసుకోండి. అవి బాగుంటే టైమింగు, కంప్రెషన్ మిగులుతాయి. మెకానిక్‌ను ఈ ప్రశ్నలు అడగండి.

- నాజిల్ పైపులు వరుస తప్పలేదు కదా? నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో డీజిల్ పడే వరుస సాధారణంగా 1-3-4-2. పైపుల వంపును బట్టి చాలావరకు తప్పు జరగదు గానీ, వేరే ఇంజిన్ పైపులు వేసినప్పుడు తప్పుతుంది.
- పంపును ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నప్పుడే బిగించారా? క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక చుట్టు తిరుగుతుంది. ఫ్లైవీల్ గుర్తు ఒక్కటే చూసి బిగిస్తే డీజిల్ పొగ వదిలే సమయంలో పడే అవకాశం ఉంది. ట్యాపెట్ కవరు తీసి చూస్తే తెలుస్తుంది. గుర్తు దగ్గర ఒకటో సిలిండర్ వాల్వులు రెండూ వదులుగా, మూసి ఉండాలి.
- టైమింగ్ గేర్ల మీది చుక్కలు ఒకదానికొకటి కలిపారా?
- ట్యాపెట్ల సందు ఫిల్లర్ గేజితో పెట్టారా, చేతి అంచనాతో పెట్టారా? సందు లేకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. సందు ఎంత ఉండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది.
- హెడ్ గాస్కెట్ ఆ ఇంజిన్‌కు చెప్పిన మందమేనా? మందం ఎక్కువైతే కంప్రెషన్ తగ్గుతుంది.

ఇవన్నీ సరిగా ఉంటే నాజిళ్లను టెస్టింగ్ బెంచీ మీద చూపించి, ప్రతి సిలిండర్‌కు కంప్రెషన్ గేజి పెట్టించండి. అన్ని సిలిండర్లలో కొలత సమానంగా తక్కువైతే ఒక కారణం, ఒక్క దాంట్లోనే తక్కువైతే మరో కారణం. గేజి చూపిన అంకె కాగితం మీద రాయించుకున్నాకే హెడ్ విప్పడానికి ఒప్పుకోండి.

నల్ల పొగ వస్తూ స్టార్ట్ కాకపోతే గాలి దారి మూసుకుందేమో చూడాలి. స్టార్ట్ అయి రెండు నిమిషాల్లో ఆగిపోతుంటే డీజిల్ లైనులో ఇంకా గాలి ఉందని, లేదా టాంకీ మూత రంధ్రం, ఫిల్టర్ మూసుకుపోయాయని అర్థం.

చేయకూడనివి

- ఇంకో ట్రాక్టర్‌తో లాగించి స్టార్ట్ చేయవద్దు. కొత్త బేరింగులకు ఆయిల్ అందకముందే ఇంజిన్ వేగం అందుకుంటే అవి పట్టేస్తాయి. టైమింగ్ తప్పి ఉంటే వాల్వులు వంగుతాయి. రోడ్డు మీద అది ప్రాణాలకూ ప్రమాదమే.
- ఎయిర్ క్లీనర్‌లో పెట్రోలు గుడ్డ పెట్టడం, స్ప్రే కొట్టడం, మంట చూపించడం చేయవద్దు. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో స్ప్రే పేలిపోవచ్చు.
- సెల్ఫ్‌ను 15 సెకన్లకు మించి ఒకేసారి కొట్టవద్దు. వైండింగ్ కాలిపోతుంది.
- స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినల్స్ కలపవద్దు. గేరులో ఉంటే బండి మీదికి వస్తుంది.

స్టార్ట్ అయ్యాక

పది సెకన్లలో ఆయిల్ ప్రెజర్ చూపకపోతే ఆపేయండి. చూపితే కొన్ని నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆయిల్, డీజిల్, నీరు ఎక్కడైనా కారుతున్నాయేమో చూడండి. చల్లారాక రేడియేటర్ నీళ్లు మళ్లీ చూడండి. మొదటి 50 గంటలు బరువైన దుక్కికి, నిండు ట్రాలీకి పెట్టకుండా మధ్యస్థ పనికే వాడి, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. హెడ్ బోల్టులు మళ్లీ బిగించాలా వద్దా అన్నది ఆ ఇంజిన్ పుస్తకాన్ని బట్టి చేయించండి.

ఇంజిన్ కొనేటప్పుడు, ఇప్పించేటప్పుడు

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేటప్పుడు వీలైతే తిప్పించి చూడండి. అదే మోడలా, పంపు రకం, ఫ్లైవీల్ పళ్లు, వెనుక హౌసింగ్ బోల్టు రంధ్రాలు కుదురుతాయా అన్నది పాత ఇంజిన్ పక్కన పెట్టి సరిచూడాలి. ఇంజిన్ నంబరుతో బిల్లు తప్పక తీసుకోండి. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి, ఇంజిన్ మారిస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించాలి. బీమా కంపెనీకి కూడా తెలపాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం దగ్గర, బండి అమ్మేటప్పుడు చిక్కులు వస్తాయి.

ఊడదీసే ముందు ప్రతి వైరును, పైపును సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వైర్లకు టేపు చుట్టి పేరు రాయండి. ఐదు నిమిషాల ఈ పని తర్వాత రెండు రోజుల వెతుకులాటను తప్పిస్తుంది. పని ఒప్పుకునేటప్పుడే బండి స్టార్ట్ చేసి, గంటసేపు తిప్పి చూపించాకే పూర్తి డబ్బు ఇస్తామని మెకానిక్‌తో మాట్లాడుకోండి.

దుక్కి ఆగిపోతుందన్న భయంతో బండిని బలవంతంగా స్టార్ట్ చేయించడం కంటే ఒకటి రెండు రోజులు ట్రాక్టర్ అద్దెకు తీసుకోవడం చవక. మీ మండలంలో అద్దె యంత్రాల కేంద్రం వివరాలు వ్యవసాయ కార్యాలయంలో చెబుతారు. ట్రాక్టర్ నిర్వహణ నేర్చుకోవాలనుకునే రైతులకు, యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ ఇస్తారు. ఇంట్లో ఒకరు నేర్చుకుని ఉంటే ఎర్తు, స్టాపర్, డీజిల్ గాలి వంటి చిన్న లోపాలకు ఎవరి కోసమూ ఎదురు చూడాల్సిన పని ఉండదు.